ఇరవై నాలుగుతో గుణించని లెక్క

199ని 45తో గుణిస్తే 8,955. 2011 జూన్‌లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా, పేపరు అంచు మీద వేసిన లెక్క ఇది. అమెరికాలో ఐఫోన్ 4 ధర 199 డాలర్లని చదివాను. అప్పుడు డాలరు 45 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది. అదే ఫోను మే 27న మన దేశంలో విడుదలైంది, 16 జీబీది 34,500 రూపాయలకు. తీసివేస్తే 25,545. ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

లెక్కలో తప్పు లేదు. ఇంటర్ పిల్లలకు అప్పటికే ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, గుణకారం తప్పను. కానీ గుణించాల్సిన సంఖ్య ఇంకొకటి ఉంది, 24. దాన్ని నేను అసలు కాగితం మీద పెట్టలేదు. పెట్టమని ఇద్దరు మనుషులు చెప్పారు. ఒకాయన్ని నలుగురిలో అవమానించాను. రెండోవాడు నా మేనల్లుడు, వాడి మాట మధ్యలోనే తుంచేశాను.

మాది ఖమ్మం. వైరా రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల షాపు ఉండేది. ఆ షాపాయన మా కాలేజీలోనే ఇంటర్ చదివాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి, కొన్నాళ్లు రీచార్జి కూపన్లు అమ్మి, తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నాడు. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. నా నోకియా ఆయన దగ్గర కొన్నదే. దాని కీప్యాడ్ అరిగిపోతే డబ్బు తీసుకోకుండా మార్చి ఇచ్చాడు.

మర్నాడు ఆ పేపరు ముక్క జేబులో పెట్టుకుని ఆయన షాపుకు వెళ్లాను. నాకు ఆ అనుమానం అప్పటికప్పుడు పుట్టింది కాదు. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐఫోన్ 3జీని ఇక్కడికి తెచ్చినప్పుడు 8 జీబీది 31,000, 16 జీబీది 36,100. అమెరికాలో అదే 8 జీబీది 199 డాలర్లు. అప్పట్నుంచీ ఇక్కడి వాళ్లు మనల్ని నిలువునా దోచుకుంటున్నారన్న మాట నా బుర్రలో కూర్చుంది. మూడేళ్లు దాన్ని పెంచి పోషించాను. ఆ రోజు తీసుకెళ్లి ఆయన మీద కుమ్మరించాను.

"అక్కడ తొమ్మిది వేలకు ఇచ్చే వస్తువుకి ఇక్కడ ముప్ఫై నాలుగు వేలా? మధ్యలో పాతిక వేలు ఎవరి జేబులోకి పోతున్నాయి?"

షాపులో అప్పుడు ఐదారుగురు ఉన్నారు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "దాని మీద నాకు మిగిలేది చాలా తక్కువ సార్. అక్కడ ఫోను విడిగా ఆ రేటుకు ఇవ్వరంట. రెండేళ్ల కనెక్షన్‌తో కలిపి ఇస్తారంట. ఫోను కిస్తీ నెల బిల్లులోనే కలిసి ఉంటదంట."

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. నేను ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. "డిగ్రీ పూర్తి చేయలేనివాడివి, అమెరికా వ్యాపారం నాకు చెబుతున్నావా?" అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. కౌంటరు మీద ఉన్న కవర్లు సర్దుకున్నాడు.

ఆ రాత్రే మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు మా అక్క కొడుకు. బావ పోయాక అక్క కుట్టుమిషన్ మీద వాణ్ణి చదివించింది. 2010లో ఎంఎస్‌కని టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ వెళ్లాడు. బ్యాంకు ఇచ్చిన అప్పు చాలక ఇంకో రెండు లక్షలు కావలసి వస్తే, నాకు తెలిసిన ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి నేనే మధ్య ఉండి ఇప్పించాను. నెలకు నాలుగు వేలు వడ్డీ. వాడు యూనివర్సిటీ డైనింగ్ హాల్లో పనిచేసి నెలకు వంద డాలర్లు పంపేవాడు, అక్క అందులోంచి వడ్డీ కట్టేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను అడిగితే కాదనే స్థితిలో వాడు లేడు. ఆ సంగతి అడిగేటప్పుడు నాకు తట్టలేదు.

"మామయ్యా, ఆ 199 కాంట్రాక్టు మీద. రెండేళ్లు..." అని మొదలుపెట్టాడు.

"కాంట్రాక్టంటే ఒక సంతకం, అంతేగా? డబ్బు నేను పంపిస్తున్నానుగా. నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకెవరినైనా అడుగుతాను."

అవతలి నుంచి మాట లేదు. ఐఎస్‌డీ కాల్ కదా, లైను పోయిందేమోనని హలో, హలో అన్నాను.

"తీసుకుంటాలే మామయ్యా" అన్నాడు.

మర్నాడు అక్క చేతిలో తొమ్మిది వేలు పెట్టాను. లెక్క ప్రకారం 45 రూపాయలు ఎక్కువే ఇచ్చానని కూడా అనుకున్నాను.

అక్కడ జరిగింది ఏమిటో నాకు ఐదు నెలల తర్వాత గానీ తెలియలేదు. అమెరికాలో అప్పట్లో రెండేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలంటే మనిషి అప్పుల చరిత్ర చూసేవారు. నిన్నగాక మొన్న వచ్చిన విద్యార్థికి ఆ చరిత్ర ఎక్కడిది? గదిలో ఉండే సీనియర్ ఒకతన్ని బతిమాలి, అతని ఖాతాలో, అతని పేరు మీద ఇంకో లైను తీయించాడు. నెలనెలా బిల్లు తను కడతానని మాటిచ్చాడు. వాడి సొంత ఫోను అప్పటికే గదిలో వాళ్లందరూ కలిసి తీసుకున్న ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది. అంటే ఈ కొత్త లైను అచ్చంగా నా కోసం తీసిన లైను. ఆ లైనుకు ఉండాల్సిన ఫోను మాత్రం సెలవులకు వస్తున్న వాడి స్నేహితుడి పెట్టెలో ఎక్కి జూలైలో ఖమ్మం చేరింది.

తెల్ల పెట్టె, లోపల గాజు పలక లాంటి ఫోను. ఇంట్లో అందరం చుట్టూ చేరి చూశాం. నా నోకియాలోంచి సిమ్ తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెద్ద ఊళ్లో చూపిద్దామని ఆ ఆదివారం హైదరాబాద్ వెళ్లాను.

అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ చూసినవాళ్లకు తెలుసు, ఆ ఇరుకు సందుల్లో అరచెయ్యంత బల్లల మీద కుర్రాళ్లు ప్రపంచంలోని ఏ ఫోనునైనా విప్పి మళ్లీ బిగించేస్తారు. నా ఫోను తీసుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఆన్ చేయలేదు. కుడి పక్కన అంచు మీద బొటనవేలు ఒకసారి పైనుంచి కిందికి రాశాడు. అంతే, నాకు తిరిగి ఇచ్చేశాడు.

"గిది సీడీఎంఏ పీస్ సార్. దీనికి సిమ్ జాగనే లేదు. ఇక్కడ నడ్వదు. పార్టులకైతే తీస్కుంట."

ఫోనును ఒకే కంపెనీకి కట్టేసే లాక్ ఉంటే తీయించుకోవచ్చని నేను విన్నాను. లాక్ తీయడానికి ఈ ఫోనులో చోటే లేదు. మన దగ్గర అప్పుడు ఎక్కువగా వాడిన జీఎస్ఎం పద్ధతిలో మీరెవరన్నది సిమ్ కార్డులో ఉంటుంది. కార్డు తీసి ఇంకో ఫోనులో పెట్టుకుంటే ఆ ఫోను మీదవుతుంది. అమెరికాలోని సీడీఎంఏ కంపెనీల పద్ధతిలో ఫోనుకున్న సొంత నంబరే కంపెనీ పుస్తకంలో ఎక్కేది, కార్డు ప్రసక్తి ఉండేది కాదు. 2007లో ఐఫోన్ పుట్టినప్పట్నుంచి అమెరికాలో ఏటీ అండ్ టీ ఒక్కటే దానికి నెట్‌వర్క్. అది జీఎస్ఎం. 2011 ఫిబ్రవరిలో రెండో కంపెనీ అమ్మకం మొదలుపెట్టింది, దాని కోసం సిమ్ స్లాట్ లేని ఐఫోన్ 4 వేరుగా తయారైంది. సీనియర్ ఖాతా ఉన్నది ఆ రెండో కంపెనీలో. ఆ పేరు ఇక్కడ రాయను. వాళ్ల తప్పేమీ లేదు. ఒప్పందంలో అన్నీ రాసే ఇచ్చారు.

సిమ్ లేని ఫోను నాకు కొత్త కూడా కాదు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలకు ఫోను ఇచ్చినప్పుడు నేనూ తీసుకున్నాను. అదీ సీడీఎంఏనే, దానికీ సిమ్ లేదు. ఆ 501 తర్వాత నెలనెలా కట్టాల్సింది ఉంటుందని పట్టించుకోకుండా ఊళ్లో ఎంతోమంది తీసుకుని, తర్వాత బిల్లులు కట్టలేక వదిలేశారు. నేను క్రమం తప్పకుండా కట్టాను. కట్టలేనివాళ్లను చూసి, చూసుకోవద్దా అని నీతులు కూడా చెప్పాను. ఆ మాటలన్నీ ఎనిమిదేళ్లకే ఎలా మరిచిపోయానో నాకు అర్థం కాదు. డాలర్లలో చెప్పేసరికి అది వేరే లోకం ధర్మంలా కనిపించిందేమో.

జగదీశ్ మార్కెట్ నుంచి తిరిగొచ్చాక నేను చేయాల్సింది ఒకటే, మేనల్లుడికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చెప్పి ఉంటే ఆ నెలలోనే ఏదో ఒక దారి చూసేవాళ్లం. నాకు సిగ్గేసింది. "ఫోను బాగుందా మామయ్యా?" అని వాడు అడిగితే "భేషుగ్గా ఉంది" అన్నాను. ఇంట్లో వైఫై మీద అది పాటలు వినడానికి, ఫొటోలు తీయడానికి పనికొచ్చేది. ఫోను చేయడానికి మాత్రం పాత నోకియానే.

ఇంకో సంగతి మా ఇంట్లోవాళ్లకు కూడా ఇప్పుడే తెలుస్తుంది. ఆ ఫోనును నేను రోజూ కాలేజీకి తీసుకెళ్లేవాణ్ణి. స్టాఫ్ రూమ్‌లో బల్ల మీద పుస్తకాల పక్కన పెట్టేవాణ్ణి. ఎవరైనా కాల్ చేస్తే నోకియాతో వరండాలోకి వెళ్లి మాట్లాడేవాణ్ణి. ఎంతకు వచ్చిందని అడిగినవాళ్లకు తొమ్మిది వేలని చెప్పేవాణ్ణి. ఆ మాట విని ఇద్దరు సహోద్యోగులు అమెరికాలో ఉన్న తమ వాళ్లను అడిగారు. వాళ్లకు ఏం జరిగిందో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

అక్టోబరులో అప్పు ఇచ్చినాయన ఒకసారి దారిలో ఆపి, రెండు నెలలుగా వడ్డీ రాలేదన్నాడు. నవంబరులో ఇంటికే వచ్చాడు. ఇప్పించింది నేను కదా, తల కొట్టేసినట్టయింది. అక్కని అడిగితే, "వాడు ఈ మధ్య సరిగ్గా పంపట్లేదురా, ఖర్చులు పెరిగాయంటున్నాడు, నేను మిషన్ డబ్బుల్లోంచి రెండు నెలలు సర్దాను, ఇంక నా వల్ల కాలేదు" అంది. నాకు కోపం నషాళానికెక్కింది. ఆ రాత్రే వాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ కళ్లు పోయేలా కుడుతుంటే నీకక్కడ ఏం ఖర్చులురా అన్నాను. పరువు తీశావన్నాను. సినిమాలా, షికార్లా అన్నాను. వాడు అన్నీ విన్నాడు.

చివరికి "ఫోను బిల్లు మామయ్యా. నెలకు ఎనభై డాలర్లు అవుతోంది" అన్నాడు.

"నెలకు ఎనభై డాలర్లా? అంతంతసేపు ఎవరితోరా నీకు మాటలు?"

"నాది కాదు మామయ్యా. నీ దగ్గరున్న ఫోనుది."

నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఆ ఫోను అప్పుడు కిటికీ పక్కన చార్జింగ్‌లో ఉంది.

ఆ తర్వాత వాడి చేతే వివరం అంతా చెప్పించుకున్నాను. 450 నిమిషాల మాటలకు నెలకు 40 డాలర్లు. ఐఫోన్ కాబట్టి డేటా ప్లాన్ తప్పనిసరి, అది 30. పన్నులూ రుసుములూ కలిస్తే 80కి దగ్గర. తొలిరోజే లైను తెరిచినందుకు 35. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. వాడికి గంటకు ఇచ్చేది అక్కడి కనీస వేతనం, 7 డాలర్ల 25 సెంట్లు. 80ని 7.25తో భాగిస్తే 11. అంటే నెలకు పదకొండు గంటలు వాడు డైనింగ్ హాల్లో ఎంగిలి పళ్లేలు కడిగింది, ఖమ్మంలో స్టాఫ్ రూమ్ బల్ల మీద నేను పెట్టుకున్న వస్తువు కోసం. ఎవరూ మాట్లాడని లైను కోసం. ఆ ఐదు నెలల్లో ఆ నంబరు నుంచి ఒక్క కాల్ కూడా పోలేదు.

మధ్యలో మానేస్తే 350 డాలర్ల జరిమానా, గడిచిన ప్రతి నెలకూ పది తగ్గుతుంది. అంత మొత్తం ఒక్కసారి కట్టే స్తోమత వాడికి లేదు. ఒక్కసారి కట్టలేనివాడు నెలనెలా ఎక్కువ కట్టుకుంటూ పోతాడు. ఇదీ నాకు కొత్త విషయం కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక వేసిన లెక్క ఇది. అదే కాలంలో, 2011 జూన్ మధ్య నుంచి, అమెరికాలో ఏ కంపెనీతోనూ ముడిపెట్టని ఐఫోన్ 4ను విడిగా అమ్మడం మొదలుపెట్టారు. 16 జీబీది 649 డాలర్లు. అదీ దాని అసలు ధర. 199కీ 649కీ మధ్యనున్న 450ని కంపెనీ తన జేబులోంచి పెట్టి, 24 నెలల బిల్లుల్లో వెనక్కి రాబట్టుకుంటుంది. నెలకు 19 డాలర్లకు కాస్త తక్కువ. రెండేళ్లు నిండాక కిస్తీ తీరిందని ఆ బిల్లు తగ్గేదీ లేదు, అలాగే నడుస్తుంది. పైగా అక్కడ చెప్పే ధరలో పన్ను ఉండదు, కౌంటరు దగ్గర కలుపుతారు. ఆర్లింగ్టన్‌లో అప్పుడు 8 శాతం. 649కి అది కలిపితే 700 దాటుతుంది. 45తో గుణిస్తే రమారమి 31,540. మన 34,500లో పన్నులన్నీ కలిసే ఉన్నాయి. తేడా మూడు వేల లోపు.

25,545 అనుకున్న తేడా మూడు వేల లోపు! ఆ మూడు వేల కోసం కూడా కాదు, లేని పాతిక వేల కోసం నేను ఇంత చేశాను.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసిన సంగతి. మా నాన్న మిర్చి రైతు. ఖమ్మం మార్కెట్లో ఒక అడ్తీదారు దగ్గర మాకు ఖాతా ఉండేది. విత్తనాలకూ, ఎరువులకూ, పురుగుమందులకూ, కోత కూలికీ ఆయనే పెట్టుబడి పెట్టేవాడు. చాలా మర్యాదస్తుడు. ఎరువు బస్తా బజారు ధరకే రాసేవాడు, పండక్కి చేబదులు ఇచ్చేవాడు, నా చిన్నప్పుడు నాకు బొరుగుల పొట్లం కొనిపెట్టేవాడు. షరతు ఒక్కటే, పంట ఆయన కొట్టుకే రావాలి. పక్క కొట్టులో క్వింటాలుకు యాభై ఎక్కువ పలుకుతున్నా మా బండి అక్కడ ఆగడానికి వీల్లేదు. తూకం ఆయనది, తాలు కాయ తీసివేత ఆయనది, రేటు ఆయనది. ఒక ఏడాది నేను నాన్నను అడిగాను, పక్కవాడికి ఎందుకు అమ్మకూడదని. "పెట్టుబడి ఆయనది కదరా" అన్నాడు. చివరికి అప్పు తీరిన ఏడాది కూడా బండి అలవాటుగా ఆ కొట్టు ముందే ఆగింది.

పెట్టుబడి పెట్టినవాడికే పంట. ఫోను చౌకగా ఇచ్చినవాడికే బిల్లు. సిమ్ లాక్ అంటే మా నాన్న బండి పక్క కొట్టు ముందు ఆగకపోవడమే. అడ్తి కొట్టులో బస్తాల మీద కూర్చుని పెరిగినవాణ్ణి నేను. వైరా రోడ్డు షాపాయన "కిస్తీ బిల్లులోనే ఉంటదంట" అన్న క్షణంలో నాకు మా నాన్న గుర్తుకు రావాలి. రాలేదు. అమెరికా అంటే అలాంటి ముడులు లేని చోటని, అక్కడ ధర అంటే ధరేనని నాకు నేనే నమ్మకం పెట్టుకున్నాను.

ఆ వారంలోనే బ్యాంకుకు వెళ్లి 300 డాలర్లు పంపించాను, లైను మూయించడానికి. అప్పటికి డాలరు 52 రూపాయలు అయింది, 15,600. మొదటి తొమ్మిది వేలు, తెరిచినందుకు కట్టింది, వాడు కట్టిన ఐదు బిల్లులు, ఈ జరిమానా, అన్నీ కలిపితే 45,000 దాటింది. ఆగిపోయిన వడ్డీ నేను కట్టాను, వాడి చదువు అయ్యేదాకా నేనే కట్టాను. కట్టిన బిల్లుల డబ్బు తీసుకోమంటే వాడు తీసుకోలేదు. ఆ రాత్రి తిట్టిన తిట్లకు క్షమించమని అడగబోతే, "పొద్దున పరీక్ష ఉంది మామయ్యా" అని ఫోను పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు.

షాపాయన దగ్గరికి వెళ్లడానికి ఇంకో నెల పట్టింది. నాకు కుర్చీ వేసి టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని, "పోనీలెండి సార్, అప్పుడు అందరూ అదే అనుకున్నారు" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా తీసుకోవడం నాకు ఊరట కాలేదు. ఆ రోజు షాపులో ఉన్న ఐదారుగురు ఎవరో నాకు తెలియదు, ఆయనకూ గుర్తులేదు. వాళ్లు నా మాటలు విని వెళ్లిపోయారు. ఒక లెక్చరరు, అదీ లెక్కల లెక్చరరు, గట్టిగా చెప్పాడు కాబట్టి నమ్మి ఉంటారు. వాళ్ల దృష్టిలో ఆయన ఇప్పటికీ పాతిక వేలు దోచుకున్నవాడే. వాళ్లందరినీ పిలిచి చెప్పే దారి నాకు దొరకలేదు.

అప్పట్నుంచి ఈ విషయం ఎక్కడ కనిపించినా వదలకుండా చదువుతున్నాను. మన దగ్గర ఇలాంటి కాంట్రాక్టులు ఎందుకు పాతుకుపోలేదంటే, మనలో నూటికి తొంభై మందికి పైగా ముందే డబ్బు కట్టి వాడుకునే ప్రీపెయిడ్ వాళ్లం. రేపు ఉంటాడో పోతాడో తెలియనివాడికి రెండేళ్ల నమ్మకం మీద పాతిక వేలు ఏ కంపెనీ పెడుతుంది? 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకునే హక్కు కూడా వచ్చింది. అందుకే మన ఫోను ధర మొత్తం ఒక్కసారే ముఖాన కొట్టినట్టు కనిపిస్తుంది. కొన్నాక మాత్రం అది మనది. ఆ సుఖం విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

అమెరికాలో 2013లో టీ-మొబైల్ రెండేళ్ల కాంట్రాక్టులు ఎత్తేసింది, తర్వాత మూడేళ్లలో మిగతావాళ్లూ అదే దారి పట్టారు. 2013 జనవరి చివర్లో, కంపెనీ ఒప్పుకోకుండా కొత్త ఫోను లాక్ తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధమైంది. లక్షకు పైగా జనం వైట్‌హౌస్‌కు విజ్ఞాపన పంపారు, 2014 ఆగస్టులో కొత్త చట్టం వచ్చింది. కెనడాలో 2017 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లు లాక్ లేకుండానే అమ్మాలి. జపాన్‌లో 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్‌లో ఆ డిసెంబరు నుంచి అదే నియమం. చదువుతున్నప్పుడల్లా, మా నాన్న బండి ఇంకో కొట్టు ముందు ఆగినట్టు అనిపించేది.

కానీ అమెరికాలో పాత ముడి పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. అది నా ఇంటి గుమ్మంలోకే వచ్చింది.

2023 సంక్రాంతి సెలవుల్లో మా వీధిలో ఉండే ఒకాయన ఐఫోన్ 14 పట్టుకుని వచ్చాడు. ఆయనా రిటైరైన టీచరే. కొడుకు డాలస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడు, తండ్రి కోసం పంపించాడు. "సిమ్ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు, మీరు ఇలాంటివి చూసినవారు కదా" అని నా చేతికిచ్చాడు.

నేను ఆన్ చేయలేదు. బొటనవేలు అంచుల వెంట రాశాను. రెండు వైపులా నున్నగా ఉంది. పన్నెండేళ్ల కిందట జగదీశ్ మార్కెట్లో నిలబడ్డట్టే అయింది. కారణం ఈసారి వేరు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ స్లాట్ తీసేశారు, అంతా ఈ-సిమ్. మన ఎయిర్‌టెల్, జియో రెండూ ఈ-సిమ్ ఇస్తాయి కాబట్టి అదొక్కటే అయితే ఇబ్బంది లేదు. సెట్టింగ్స్ తెరిచి చూశాను. క్యారియర్ లాక్ ఉంది.

"ఎంతకు వచ్చింది?" అని అడిగాను.

"ఫ్రీ అంటండీ" అన్నాడు ఆయన, ముఖం వెలిగిపోతూ. "ఇక్కడ 79,900. అక్కడ ఫ్రీ. మనవాళ్లు చూడండి ఎలా దోస్తున్నారో."

ఆయన గొంతులో నా గొంతు వినిపించింది. కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను, ఇక్కడ రాసినదంతా, అంత వరకూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది. అక్కడ దాని ధర 799 డాలర్లనీ, దాని మీద పన్ను వేరే అనీ, ఇక్కడి ధరలో దిగుమతి చేసుకున్నవాటికైతే 20 శాతం కస్టమ్స్ సుంకం, 18 శాతం జీఎస్టీ కలిసి ఉన్నాయనీ చెప్పాను. ఫ్రీ అంటే ఆ 799ని 36 వాయిదాలు చేసి, ఖరీదైన ప్లాన్ వాడుతున్నంత కాలం ప్రతినెలా ఆ వాయిదా మేర బిల్లులో తగ్గిస్తారనీ, మధ్యలో కంపెనీ మారితే మిగిలిందంతా ఒక్కసారే కట్టాలనీ, వాయిదాలన్నీ తీరితే గానీ మామూలుగా లాక్ తీయరనీ చెప్పాను. ఆయన ముఖంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకూ బాధగానే ఉంది.

"మీవాణ్ణి ఒక్కసారి అడగండి," అన్నాను, "ఆ లైనుకు నెలకు ఎంత కడుతున్నాడో."

ఆయన తన పాత ఫోను తీసి అక్కడే కొడుక్కి కలిపి, స్పీకర్ పెట్టాడు. డాలస్‌లో అప్పుడు రాత్రి. అబ్బాయి హుషారుగా పలకరించాడు, ఫోను పనిచేస్తోందా నాన్నా అన్నాడు. ఈయన నేను చెప్పినట్టే అడిగాడు.

అవతలి నుంచి మాట లేదు. "హలో, హలో" అంటున్నాడు ఆయన, లైను పోయిందేమోనని. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. లైను పోలేదు.